గొడుగుదొర పిలిచిన పేరు

మా ముత్తాతగారు జగన్నాథ భూపతిదేవు. నందిగుమ్మ దివాణానికి ఇరవై నాలుగు గ్రామాలు ఉండేవి. కొండ దిగివచ్చే చింతపండు, పసుపు, పిప్పళ్ళు మా కాటా మీద తూగాకే మైదానంలో అడుగు పెట్టేవి. ఆయన కుమారుడు, మా తాతగారు రామచంద్ర భూపతిదేవు, ఏనుగెక్కి కురుపాం కొండల వైపు వేటకు వెళ్ళేవారు. మా నాన్నగారు విశ్వనాథ భూపతిదేవు కాలం వచ్చేసరికి ఏనుగు లేదు, గ్రామాలు లేవు. ఆయన సీలేరు ప్రాజెక్టు కాలనీలో సామాన్ల గిడ్డంగి చూసేవారు. దాన్ని ఆయన ఏనాడూ ఉద్యోగం అనలేదు. ‘సీలేరు వ్యవహారం’ అనేవారు. నాకు తాతగారి పేరు పెట్టారు. మా ఇంట్లో ఏమేం అమ్ముడుపోయాయో, ఏది ఎవరు కొన్నారో నేను వరసగా చెప్పగలను. ఆ సంగతి దాచుకోవలసిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు. అమ్ముకోవడానికి ఉన్నవాళ్ళే అమ్ముకుంటారు.

ఈ వంశావళి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. నేను అరకు వెళ్ళింది కాఫీ తోటలు చూడటానికి కాదు. ఒక బొమ్మల ధారావాహిక కోసం.

ఆదివారం ఉదయాలు టీవీలో పాతికేళ్ళుగా వస్తున్న ‘గొడుగుదొర’ని పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. చితికిపోయిన దివాణంలో ఒక ముసలి దొర. కప్పు కారుతుంది కాబట్టి హాల్లోనే గొడుగు వేసుకుని కూర్చుంటాడు. లేని నౌకర్లని కేకేస్తాడు. దస్తావేజులు నమిలేసే మేక, జీతం అడగడం మానేసిన వంటవాడు, దొర మాటని ఈగలా తోలేసే దొరసాని. జనం పడీపడీ నవ్వుతారట. నేను ఒక్క భాగమూ చూడలేదు. మా సాటి మనుషుల్ని నవ్వులబొమ్మలు చేస్తే కూర్చుని చూడవలసిన అగత్యం నాకు లేదనుకున్నాను.

ఒకప్పుడు రాయ్‌పూర్‌లో నాతో పనిచేసిన మిత్రుడు ఈ వేసవిలో ఆ ధారావాహిక తొలి భాగాల్లోంచి ఒక ముక్క ఫోనుకి పంపాడు. ‘మీ ఇల్లు గుర్తొచ్చింది’ అని కింద రాశాడు. మసకబారిన బొమ్మలు. దొర మేడమెట్ల పైన నిలబడ్డాడు. ముందు ఒక దగ్గు. తర్వాత గొడుగు మొనతో మెట్టు మీద రెండు దెబ్బలు. తర్వాత సాగదీసి, “తవుడూ, ఉన్నావా?” కింది మెట్టు దగ్గర ఎవరూ లేరు. దొర ఆ ఖాళీకే ఏదో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ఫోను నా చేతిలోంచి జారిందని రాస్తే నాటకం అవుతుంది. జారలేదు. బల్ల మీద బోర్లా పెట్టాను.

ఆ గొంతు మా నాన్నగారిది. తవుడు నేను. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. మూడోవాడైనా నిలవాలని మా వైపు పెట్టే పేరు అది. తవిటయ్యలు, తవుడమ్మలు మా జిల్లాలో వీధికి ఒకరుంటారు. బడిలో ఆ పేరు లేదు, బంధువులెవరికీ తెలియదు. లోకంలో నన్ను అలా పిలిచినవాళ్ళు ఇద్దరే, అమ్మా నాన్నగారూ. ఇద్దరూ లేరు. మా ఇంట్లో తండ్రి పెద్దకొడుకుతో ముఖాముఖి మాట్లాడే మర్యాద లేదు. నాన్నగారు మేడమెట్ల పైనుంచి, నా నెత్తి మీదుగా, వాకిలి వైపు చూస్తూ మాట్లాడేవారు. నేను కిందమెట్టు దగ్గర నిలబడి ‘చిత్తం’ అనేవాణ్ణి. దివాణాల్లో అంతే కాబోలు అనుకుని పెరిగాను.

విచారిస్తే తెలిసింది. టీవీవాళ్ళు తొలి భాగాలన్నిటికీ తర్వాత వేరే నటుడితో గొంతు మార్పించారు. అసలు గొంతు ఉన్నవి ఒక్కచోటే మిగిలాయి. అరకులోయలో పూర్వం కేబుల్ నడిపిన ఒకాయన టీవీలోంచి క్యాసెట్లలోకి ఎక్కించుకున్నవి; నా ఫోనుకి వచ్చిన ముక్క కూడా అక్కడ ఎవరో తీసినదే. ఏటా వానలు తగ్గాక అభిమానులు అక్కడ చేరి అవి వేసుకుని చూసి, వాటి మీద వాదులాడుకుంటారు. నా పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఆ గొంతు నాన్నగారిది కాదని తేలితే మంచిది. ఆయనదే అయితే, భూపతిదేవు వంశస్థుడు నవ్వులకి అద్దెకు వెళ్ళిన ఆ క్యాసెట్లు ఏ ధరకైనా తీసుకొచ్చి, ఇక ఎవరి కంటా పడకుండా చెయ్యాలి.

సొరంగాల దారి

శృంగవరపుకోట దాటాక కిరండూల్ పాసింజరు కొండెక్కుతుంది. సొరంగం తర్వాత సొరంగం. చీకటి కమ్మగానే పెట్టెలో పిల్లలు కేకలు పెడతారు, సొరంగం వాటిని తిప్పి పంపుతుంది. ఆ దారిలో అదొక ఆట.

నా ఎదురుగా కింద సీతాఫలాలు అమ్ముకుని ఖాళీ బుట్టలతో తిరిగి వెళుతున్న ఒకావిడ కూర్చుంది. ఆవిడ మనవరాలు కిటికీ చువ్వలకి మొహం ఆనించి తన పేరే తను గట్టిగా అరిచింది. ఆవిడ పిల్ల జడ పట్టి వెనక్కి లాగింది.

“పేరెట్టి అరవకే గుంటా. ఊరికే కూతెట్టు. పేరెడితే పలుకుద్ది.”

ఎవరు పలుకుతారని అడిగాను. ఆవిడ నన్ను కాదు, నా ఒళ్ళో ఉన్న గొడుగుని చూసింది. నాన్నగారి గొడుగు అది. నల్లగుడ్డ, వెదురు పిడి, ఒక పుల్ల విరిగి ఉంటుంది.

“పిలిపించుకున్నోళ్ళు,” అంది.

తర్వాతి సొరంగంలో ఆ పిల్ల నోరు మూసుకునే కూర్చుంది. మిగతా పిల్లలూ ఎందుకో అరవలేదు. చక్రాల చప్పుడు మధ్య మాత్రం ఒక కేక, సాగదీసి, వెనక నుంచి ముందుకి వెళ్ళింది. పక్క పెట్టెలోది అయి ఉంటుంది.

టైడా

పట్టాల మీద బండ పడిందని టైడాలో రైలు ఆపేశారు. చిన్న స్టేషను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో పొగమంచు. మా ఊళ్ళో పొగమంచు పొలాల మీద పరుచుకుంటుంది; ఇక్కడది మనిషిలా నడుస్తూ వస్తుంది. ప్లాట్‌ఫారం చివర నిలబడినవాడు ఉన్నాడా లేడా అన్నది తెలియదు.

టీ పది రూపాయలు, నాలుగు మిరపకాయ బజ్జీలు ఇరవై. విశాఖ కంటే పెద్ద ఎక్కువేమీ కాదు. గొడుగు వేసుకుని టీ తాగుతుంటే వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

“గెటప్ అదిరింది మాస్టారూ. పుల్ల కూడా ఇరగ్గొట్టించీసారేటి!”

అతని పేరు చిన్నారావు. బొబ్బిలిలో బీమా పాలసీలు చేయిస్తాడు. పక్కన జ్యోతి అని శృంగవరపుకోటలో నర్సు. ఇద్దరూ గొడుగుదొర సభకే వెళుతున్నారు. తొలి భాగాల్లో దొర గొడుగుకి పుల్ల విరిగి ఉంటుందట; తర్వాత బొమ్మలకి రంగులు మెరుగుపడ్డాక గొడుగు ఎర్రదై, బాగైపోయిందట. నేను వేషం వేసుకుని వచ్చానని వాళ్ళ నమ్మకం. ఇది నా సొంత గొడుగు అన్నాను. దానికి వాళ్ళు మరింత నవ్వారు. ఆ నవ్వు నాకు రుచించలేదు గాని, బండ తీసేదాకా వాళ్ళు తప్ప మాట్లాడే దిక్కు లేదు.

వాళ్ళ వాదనలు నేను అనుకున్నట్టు పిల్లచేష్టలు కావు. మేకకి మొదట ఒకే కొమ్ము ఎందుకుండేది, దొరసాని మూడో భాగం దాకా ఎందుకు ఒక్క మాటా మాట్లాడదు, వంటవాడి అరుగు తూర్పునా పడమరా — వీటి మీద స్నేహాలు చెడిపోయాయట. అన్నిటికంటే పెద్ద తగువు తవుడు మీద. తొలి భాగాల్లో ప్రతిదానిలోనూ దొర మెట్ల మీద నిలబడి తవుణ్ణి పిలుస్తాడు. తవుడు ఒక్కసారీ కనబడడు, పలకడు. గొంతు మారిన తర్వాత ఆ పేరే లేదు.

“డబ్బుల్లేక గియ్యనేదు. అంతే,” అన్నాడు చిన్నారావు. “కొత్త కంపెనీ. ఒక గుంటడి బొమ్మ గియ్యాలంటే ఎంత ఖర్సు? పేరెట్టి పిలిత్తే సరిపోద్ది.”

జ్యోతి ఒప్పుకోలేదు. ఆమె ప్రసూతి వార్డులో పనిచేస్తుంది. పిల్లాడు పోయాడని ఆమె వాదం. పోయినవాణ్ణి పిలిచే గొంతు ఎలా ఉంటుందో తనకి తెలుసని, ఆ గొంతు అదేనని, నవ్వులాట మధ్యలో ఆ ఒక్క పిలుపుకి ఒళ్ళు జలదరిస్తుందని చెప్పింది. అభిమానుల్లో సగానికి పైగా ఆమె పక్షమేనట.

“మీరేటంటారు మాస్టారూ? తవుడు ఉన్నాడా, పోయాడా?” అని నన్ను అడిగింది.

నా గురించి నన్ను అలా అడిగినవాళ్ళు ఇంతకు ముందు లేరు. తెలియదన్నాను. ఆ క్షణానికి అది అబద్ధమని కూడా అనిపించలేదు. పొగమంచు నా టీ గ్లాసు దాకా వచ్చింది.

అరకు

చీకటి పడేవేళకి అరకు చేరాం. బజారులో వెదురు బొంగుల్లో కూరి కాల్చిన కోడిమాంసం వాసన. మా దివాణంలో వంటకి ముగ్గురు ఉన్న రోజుల్లో కూడా కోడికి ఇంత మర్యాద జరగలేదు. ధర వింటే మర్యాద ఎవరిదో అర్థమవుతుంది. అయినా బాగుంది, నూనె చుక్క లేదు, పొగ కారం మాత్రం. కాఫీ పండించే ఈ కొండవాళ్ళు చాలామంది ఇంట్లో కాఫీ తాగరని, రాగి అంబలి తాగుతారని దుకాణదారు చెప్పాడు. మా ఇంట్లో వెండి గ్లాసుల్లో కాఫీ తాగారు గాని, ఒక్క కాఫీ చెట్టు ఎవరూ చూడలేదు. 

బసలో అభిమానులంతా ఒకచోట భోంచేశారు. లెక్చరర్లు, ఆటోవాళ్ళు, ఒక ఫాదరు గారు, ఇద్దరు పెళ్ళయిన అక్కాచెల్లెళ్ళు. వేషాల పోటీలో నన్ను అడగకుండానే మొదటి బహుమతి ఇచ్చారు, ఒక స్టీలు డబ్బా. నేను తీసుకోలేదు. “దొర ససేమిరా అన్నాడు, అచ్చం మొదటి భాగంలోలాగే,” అని వాళ్ళు ఇంకా సంతోషపడ్డారు.

ఆ సందట్లో చిన్నారావు నా పక్కకి జరిగి ఒక మాట చెప్పాడు. పాత గొంతు ఉన్న చివరి భాగంలో దొర మామూలుగా పిలిచి వెళ్ళిపోడట. పిలిచి ఆగుతాడు. మెట్ల కిందికి చూస్తూ ఊరుకుంటాడు. తర్వాత ఎవరో జవాబు చెప్పినట్టు తల ఊపి లోపలికి వెళతాడు. ఆ ఊరుకోవడం ఏటేటా కొంచెం పెరుగుతోందట.

“టేపు సాగిపోతంది మాస్టారూ. పాత సామాను గదా.” 

చెప్పి, జ్యోతి వినలేదు గదా అని అటు చూసుకున్నాడు.

కాఫీ షెడ్డు

సభ మర్నాడు పొద్దున్నే. ఊరికి కొంచెం ఎడంగా కాఫీ గింజలు ఆరబెట్టే షెడ్డు. పులిసిన తొక్కల వాసన. గుమ్మంలోంచి పొగమంచు వచ్చి కుర్చీల కింద పడుకుంది. ముందు ఒక పాత టీవీ, దానికింద క్యాసెట్లు వేసే యంత్రం. దాని పక్కన మంకీ క్యాపు పెట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు బుద్రు. కేబుల్ పోయాక కాఫీ, మిరియాలు చూసుకుంటున్నాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడు కావచ్చు. నా చేతిలో గొడుగు చూసి అందరిలా నవ్వలేదు. కాసేపు చూసి, టోపీ సర్దుకున్నాడు.

బొమ్మలు మొదలయ్యాయి. నేను వెనక వరసలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. నవ్వుతారని తెలుసు, దానికి సిద్ధపడే వచ్చాను. మేక దస్తావేజు నమిలింది, నవ్వారు. దొర లేని బంట్రోతుని తిట్టాడు, నవ్వారు. ఆ తిట్లు నాన్నగారివి. మేడమెట్ల కమ్మీ మీద ముక్కు విరిగిన చిలక కనబడింది. ఆ చిలక మా ఇంటిది; చిన్నప్పుడు దాని ముక్కు విరగ్గొట్టింది నేను. గొంతు ఎవరిదన్న సందేహం అక్కడితో తీరిపోయింది.

దగ్గు. రెండు దెబ్బలు. షెడ్డులో నవ్వు ఆగిపోయింది.

“తవుడూ, ఉన్నావా?”

నా ముందు కూర్చున్న జనమంతా, ఆడా మగా, గుళ్ళో పలికినట్టు ఒక్క గొంతుతో బదులు చెప్పారు.

“నా కాడే ఉన్నాడు.”

చెప్పి మళ్ళీ మామూలుగా నవ్వుకుంటూ చూడసాగారు. పక్కనున్న జ్యోతిని ఇదేమిటని అడిగాను. ఇక్కడి ఆనవాయితీ అంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, తాను మొదటిసారి వచ్చేటప్పటికే ఉందట. జవాబు చెప్పకపోతే ఆ రోజంతా ఏదో మరిచిపోయినట్టు ఉంటుందట.

భాగం తర్వాత భాగం. ప్రతిసారీ ఆయన పిలవడం, నన్ను ఎన్నడూ చూడని మనుషులు నా బదులు పలకడం. నేను మాత్రం నోరు విప్పలేదు. ఈ వరసలో నేనొక్కణ్ణే లేనట్టు, ఉన్నది వాళ్ళూ ఆయనా మాత్రమే అయినట్టు అనిపించింది. టైడాలో జ్యోతి అడిగిన ప్రశ్నకి సమాధానం అందరికీ తెలిసి నాకు ఒక్కడికే తెలియదేమో.

చివరి భాగం పెట్టారు. అందులో గొంతు బాగా బొంగురుపోయింది. ఆ రోజుల్లో ఆయనకి గొంతు జబ్బు మొదలైంది. మెట్లు, చిలక, దగ్గు, దెబ్బలు.

“తవుడూ, ఉన్నావా?”

“నా కాడే ఉన్నాడు,” అన్నారు అంతా.

దొర తల ఊపలేదు. కిందికి చూస్తూ నిలబడ్డాడు. కప్పు నుంచి ఒక నీటిచుక్క గొడుగు మీద పడుతూ ఉంది, కాబట్టి బొమ్మ ఆగిపోలేదు. చుక్క, మళ్ళీ చుక్క. ముందు వరసలో ఎవరో ఇంకోసారి “నా కాడే ఉన్నాడు” అన్నారు. చిన్నారావు యంత్రం వైపు చూశాడు. బుద్రు యంత్రాన్ని ముట్టుకోలేదు. అతను నన్ను చూస్తున్నాడు.

నేను కావాలని లేవలేదు, చూసుకునేసరికి లేచి ఉన్నాను. కాళ్ళు దగ్గరగా, చేతులు కట్టుకుని, చిన్నప్పుడు కిందమెట్టు దగ్గర నిలబడినట్టే.

“చిత్తం,” అన్నాను.

దొర తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

షెడ్డులో ఎవరో దగ్గారు, కుర్చీలు కదిలాయి. యంత్రంలో టేపు హెడ్డుకి తేమ పట్టిందని చిన్నారావు పెద్దగా చెప్పాడు, రెండుసార్లు. జ్యోతి నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మణికట్టు దగ్గర నాడి చూసింది. బుద్రు దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

“బాబుగారూ, రేపు మా ఇంటికి రావాల. కూడు అక్కడే.”

బుద్రు ఊరు

ఆ ఊరికి చివర కొంతదూరం నడిచే వెళ్ళాలి. దారికి రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు, నీడలో కాఫీ. వలిసె పూలు గట్ల మీద పచ్చగా ఉన్నాయి. ఆ రోజు మంచు లేదు. ఎండలో కొండలు మామూలు కొండల్లా ఉన్నాయి, అందుకే అంతకు ముందు రోజు జరిగింది మరింత నిజంగా తోచింది.

బుద్రు ఇల్లు ఎర్రమట్టి అరుగు, రేకు కప్పు. ఆయన భార్య అడ్డాకుల్లో సామ అన్నం, రాజ్‌మా కూర, ఎండుచేపల పులుసు వడ్డించింది. మా ఇంట్లో భోజనానికి పీటలు హోదాని బట్టి వేసేవారు. ఇక్కడ నేను ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. బుద్రు పక్కనే కూర్చున్నాను.

క్యాసెట్ల సంగతి నేనే ఎత్తాను. ఆ గొంతు మా నాన్నగారిదని, నేను వాటిని తీసుకుపోవడానికి వచ్చానని, ధర ఆయనే చెప్పాలని అన్నాను. అతను చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

“మీరు తవుడని నిన్న తెలిసింది,” అన్నాడు. “మా అమ్మ మిమ్మల్ని కొన్నాది.”

అతను చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఇంటిపేరు పాంగి, అతని తల్లి పేరు సొంబారి. సోమవారం పుట్టింది కాబట్టి ఆ పేరు. చింతపండు బుట్టతో నందిగుమ్మ దిగివచ్చి మా పెరటి వాకిట్లో నిలబడిన రోజున నేను పుట్టాను. ఇద్దరు మనవల్ని పోగొట్టుకున్న మా నాయనమ్మ నన్ను చేటలో పెట్టి గడప దాటించి, పరాయి మనిషి కావాలి కాబట్టి, ఆవిడకి అమ్మింది. ఆవిడ దగ్గర ఉన్నది సామలు దంచిన తవుడు. కుంచెడు కొలిచి ఇచ్చింది. తర్వాత ‘నా బిడ్డని పెంచిపెట్టండి’ అని చేట తిరిగి మా నాయనమ్మ చేతుల్లో పెట్టింది. ఇలాంటి అమ్మకం మా వైపు ఇళ్ళల్లో ఉందని నాకు తెలుసు. పేరుకి జరిగే తంతు అనుకున్నాను, మా ఇంట్లో నిజంగా జరిగిందని ఎవరూ చెప్పలేదు. పెళ్ళినాడు కొన్నావిడని పీటల దగ్గరికి పిలిచి, కోక పెట్టి, పిల్లవాణ్ణి తిరిగి తీసుకోవాలి. నా పెళ్ళికి సంస్థానాల వాళ్ళు వచ్చారు. వాళ్ళ ఎదుట కొండ మనిషిని పీటల మీద కూర్చోబెట్టడం కుదరదని కబురు పెట్టలేదు.

“తిరిగి తీసుకునే దాకా కన్నోడు ముకం సూసి నా కొడకా అనకూడదు,” అన్నాడు బుద్రు. “అంటే దక్కడు.”

నేను అన్నం ముద్ద ఆకులోనే పెట్టి వాకిలి వైపు చూశాను. మేడమెట్ల పైనుంచి, నెత్తి మీదుగా. అది దివాణం మర్యాద కాదన్నమాట.

“మీ నాయన ఒక వానకాలం వొచ్చినాడు. ఈ గొడుగే. కోక తెచ్చినాడు. మా అమ్మ తీసుకోనేదు.”

ఎందుకని అడిగాను.

“పిల్లోడు రావాల గదా. ఎదర నిలబడాల, పిలిత్తే పలకాల. ఒట్టి కోకకి ఎవులిత్తారు బిడ్డని?”

“మా నాన్నగారు ఏమన్నారు?”

“పిలుత్తానన్నాడు.”

నేను అప్పుడు రాయ్‌పూర్‌లో ఉన్నాను. ఆయన నన్ను పిలవలేదు. పిలవడానికి ఏం కారణం చెప్పాలో ఆయనకి తోచి ఉండదు. మెట్లూ లేవు, ఇల్లు అప్పటికే చేతులు మారింది. ఆ తర్వాతి సంవత్సరమే టీవీలో బొమ్మలు మొదలయ్యాయి; పిలుస్తానన్న మాట ఆయన వాటిలో చెల్లించుకున్నారు. సొంబారి ఆ గొంతు గుర్తుపట్టి, పిలిచిన ప్రతిసారీ తను కూర్చున్న చోటు నుంచే ‘నా కాడే ఉన్నాడు’ అని జవాబు చెప్పేదట, ముసలాయన బెంగపడకుండా. పలకని పిలుపు ఇల్లిల్లూ తిరుగుతుందని ఆవిడ నమ్మకం. ఊరివాళ్ళు మొదట నవ్వారు, తర్వాత వాళ్ళూ పలికారు. తర్వాత ఇక్కడికి వచ్చిన అభిమానులు నేర్చుకున్నారు. ఆవిడ పోయి చాలాకాలమైంది.

బుద్రు లోపలికి వెళ్ళి, దూలానికి కట్టిన సంచి దింపి తెచ్చాడు. అందులో జరీ అంచు పట్టుకోక. నాన్నగారు తిరిగి తీసుకుపోలేదట. మడతల వెంట చీలిపోయింది, రంగు మాత్రం అలాగే ఉంది. ఏం అమ్మి కొన్నారో నేను ఊహించగలను.

ఆ కోక నేను రెండు చేతులా పట్టుకుని, కొన్నావిడ కొడుకుగా దీన్ని అందుకుని నన్ను విడిచిపెట్టవచ్చు గదా అని అడిగాను. భూపతిదేవు వంశంలో ఎవరైనా అలా చేతులు చాచి నిలబడ్డారో లేదో తెలియదు. బుద్రు లోపలికి వెళ్ళి భార్యతో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడాడు. తిరిగివచ్చాక నన్ను పిలిచిన పిలుపు మారింది.

“అమ్మే ఒప్పుకోనేదు, నానెలాగ ఒప్పుకుంతాను అన్నా? మా వోడిగానే ఉండీ. ఏటైపోద్ది?”

ఆయన భార్య నా ఆకులో మరి కొంచెం పులుసు పోసింది.

క్యాసెట్లు అట్టపెట్టెలో అరుగు మీదే ఉన్నాయి. కావాలంటే పట్టుకెళ్ళమన్నాడు బుద్రు, అన్న అడిగితే డబ్బెందుకని. “కానీ ఆయన పిలవడం మానడు. కింద మీ ఇంట్లో పలికేవోళ్ళు ఎవులున్నారు?” అని అడిగాడు. ఆ పేరు తెలిసినవాళ్ళే లేరు. పెట్టె మూత మూసి, దాన్ని ఉన్నచోటికే జరిపాను. గొడుగు కూడా అక్కడే ఆనించి వచ్చాను. దారిలో వాన పడింది, తడిశాను.

దిగువకి

తిరుగు రైల్లో చిన్నారావు, జ్యోతి నా పెట్టెలోనే ఎక్కారు. తవుడు ఉన్నాడా పోయాడా అన్నది మళ్ళీ మొదలైంది. నన్ను తీర్పు చెప్పమన్నారు. ఉన్నాడన్నాను. ఎక్కడున్నాడంది జ్యోతి. కొండ మీద అన్నాను. రుజువేటని చిన్నారావు పట్టుబట్టాడు, నేను కిటికీ వైపు తిరిగాను. సొరంగం వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. వాటి వెనకాల ఒక దగ్గు వినిపించింది. నేను పెదవులు కదిపానో లేదో జ్యోతికి తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ తర్వాత తన వార్డు కథలు చెప్పింది గాని తవుడి మాట ఎత్తలేదు.

మా దివాణంలో ఏనుగుని బరంపురం కలప వర్తకుడు కొన్నాడు. గ్రామాలు ప్రభుత్వానికి పోయాయి. కాటాలు, వెండి సామాను పార్వతీపురం సేటు తీసుకున్నాడు. ఇల్లు ఒక బియ్యం మిల్లు యజమాని కొని పడగొట్టించాడు. నన్ను పాంగి సొంబారి కొన్నది. వెల, కుంచెడు సామ తవుడు.